అమ్మ గాల్ బ్లాడర్ ఆపరేషన్: "ఏఐ రోబో" అంటున్నారు, నమ్మొచ్చా?

కృష్ణలంక_కుర్రాడు (విజయవాడ) · సోమవారం, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మా అమ్మకి 61 ఏళ్లు. ఆరు నెలలుగా భోంచేశాక కుడి డొక్కలో నొప్పి వస్తోంది. గ్యాస్ అనుకుని వాము నీళ్లతో నెట్టుకొచ్చాం. మొన్న రాత్రి నొప్పికి మెలికలు తిరిగిపోతే తీసుకెళ్లి స్కానింగ్ తీయించాను. గాల్ బ్లాడర్‌లో రాళ్లున్నాయి, గోడ కూడా మందంగా ఉందని రాశారు. ఆపరేషన్ తప్పదన్నారు.

ఆసుపత్రిలో రెండు ప్యాకేజీలు చెప్పారు. ఒకటి మామూలు ల్యాప్రోస్కోపీ, అంటే చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి చేసేది. రెండోది "ఏఐ రోబోటిక్". దీనికి లక్షా పది వేలు ఎక్కువ. కౌంటర్లో అమ్మాయి ట్యాబ్ తీసి వీడియో చూపించింది. కడుపు లోపలి దృశ్యం మీద ఆకుపచ్చ, ఎరుపు రంగులు పడుతున్నాయి. "ఎక్కడ కొయ్యాలో, ఎక్కడ కొయ్యకూడదో ఏఐ చూపిస్తుంది సార్, పొరపాటుకి ఛాన్సే లేదు" అంది. ఆ "ఛాన్సే లేదు" అన్న దగ్గరే నాకు అనుమానం పట్టుకుంది.

అమ్మ మాత్రం ఒకటే అడిగింది: "ఆ రోబో ఇప్పటిదాకా ఎంతమందికి చేసిందమ్మా?" ఆ అమ్మాయి నవ్వి ఊరుకుంది.

డబ్బు సంగతి ఎలాగో చూసుకుంటాను. నిజంగా సేఫా, లేక కొత్త టెన్షన్ కొని తెచ్చుకున్నట్టా? తెలిసినవాళ్లు చెప్పండి.

---

మోడరేటర్ · సోమవారం, రాత్రి 9:55

ఆసుపత్రుల పేర్లు, డాక్టర్ల పేర్లు, ఫోన్ నంబర్లు పెట్టొద్దు. పెడితే పోస్టు తీసేస్తాం. ఇక కానివ్వండి.

---

కత్తి_నూలు (కర్నూలు) · సోమవారం, రాత్రి 10:30

నేను జనరల్ సర్జన్ని, 22 ఏళ్లుగా ఇదే పని. మీ అమ్మగారి ప్రశ్న మంచిది. రోబో వెనక కూర్చునే డాక్టర్ని అడిగితే సరైన జవాబు వస్తుంది.

ముందు ఒక చిక్కు విప్పుతాను. రోబో వేరు, ఏఐ వేరు. ప్యాకేజీలో రెండూ కలిపి ఒకే పేరుతో అమ్ముతున్నారు. ఎక్కువ చోట్ల వాడే డా విన్చీ అనే రోబో యంత్రానికి అమెరికా ఔషధ, పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి 2000లోనే వచ్చింది. డాక్టర్ ఆ పక్కనే కన్సోల్ అనే నియంత్రణ బల్ల దగ్గర కూర్చుని వేళ్లు కదిపితే లోపల పరికరాలు కదులుతాయి. అది తనంతట తాను ఏమీ కొయ్యదు. ఏఐ అంటే మీకు చూపించిన ఆ రంగులు. కెమెరా దృశ్యాన్ని చూసి "ఇది ఫలానా భాగం కావచ్చు" అని అంచనా వేస్తుంది. అంచనా అన్న మాట గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు అసలు ప్రమాదం ఎక్కడో చెప్తాను. గాల్ బ్లాడర్ నుంచి ఒక సన్నటి గొట్టం బయల్దేరి పెద్ద పైత్య నాళంలో కలుస్తుంది. మేం కొయ్యాల్సింది ఆ సన్నదాన్ని. పెద్దది తెగితే లివర్ నుంచి పేగుకి పైత్యం వెళ్లే దారి పోయినట్టే. మళ్లీ పేగు ముక్క తెచ్చి అతికించాల్సి వస్తుంది, కొందరు ఏళ్ల తరబడి జ్వరాలతో, కామెర్లతో తిరుగుతారు. మరి పెద్దది ఎలా తెగుతుందంటారా? గాల్ బ్లాడర్ పైభాగాన్ని భుజం వైపు ఎత్తి పట్టుకుంటాం, మెడ దగ్గర పక్కకి లాగుతాం. పక్కకి కాకుండా పైకే లాగితే పెద్ద గొట్టం కూడా సాగి, గాల్ బ్లాడర్‌తో ఒకే గీతలోకి వచ్చేస్తుంది. చూసేవాడికి అదే సన్న గొట్టంలా అనిపిస్తుంది. వాపు వల్ల అంతా అతుక్కుపోయి ఉంటే చెప్పనే అక్కర్లేదు. మీ అమ్మగారికి గోడ మందంగా ఉందన్నారు కాబట్టి ఇది మీకు వర్తిస్తుంది.

2023లో జామా సర్జరీ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. అమెరికాలో వయసు పైబడినవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే మెడికేర్ బీమా కింద ఈ ఆపరేషన్ చేయించుకున్న 10 లక్షల మందికి పైగా రోగుల లెక్కలు చూశారు. రిపేరు చేయాల్సినంత పైత్య నాళం గాయాలు మామూలు ల్యాప్రోస్కోపీలో 0.2 శాతం ఉంటే, రోబోటిక్‌లో 0.7 శాతం. ఇది రోబో లెక్క, ఏఐ లెక్క కాదు. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ల కేసులు కూడా అందులో కలిసి ఉండొచ్చు. అయినా "పొరపాటుకి ఛాన్సే లేదు" అన్న అమ్మాయికి ఈ లెక్క ఎవరైనా చూపించాలి.

---

గోదారి_గట్టు (రాజమండ్రి) · మంగళవారం, ఉదయం 6:10

డాక్టర్ గారూ, అంతా మిషన్ మీదకి నెట్టేయకండి. మా తమ్ముడికి పద్నాలుగేళ్ల క్రితం ఇదే ఆపరేషన్. రోబో లేదు, ఏఐ లేదు, పేరున్న డాక్టరే. పెద్ద గొట్టం కోసేశారు. మూడో రోజుకి కళ్లు పచ్చబడ్డాయి. తర్వాత ఏడాదిన్నర ఆసుపత్రుల చుట్టూ తిరిగాం, రెండెకరాలు అమ్ముకున్నాం. ఆ రోజు తెర మీద ఎర్ర రంగు పడి "ఆగు" అని ఉంటే మా వాడి బతుకు వేరేగా ఉండేది.

నేను రిటైర్డ్ లెక్కల మాస్టార్ని. మనిషి తప్పు చేస్తాడు కాబట్టే ఎక్కం పుస్తకం కనిపెట్టారు. ఏఐని ఎక్కం పుస్తకంలా వాడుకుంటే తప్పేంటి?

---

కత్తి_నూలు (కర్నూలు) · మంగళవారం, మధ్యాహ్నం 1:15

మాస్టారూ, మీ తమ్ముడి గారి సంగతి చదివి బాధేసింది. మీరన్నది నేను కాదనను. 2003లో ఇలాంటి 252 గాయాలని కూర్చుని విశ్లేషించారు. వాటిలో 97 శాతం చేతగానితనం వల్ల జరగలేదు. కన్ను మోసపోవడం వల్ల జరిగాయి. డాక్టర్ తను సన్న గొట్టాన్నే కోస్తున్నానని గట్టిగా నమ్ముతూ పెద్దదాన్ని కోశాడు. అందుకే రెండో కన్ను ఉంటే బాగుంటుందని ఈ రంగుల ఏఐ మీద పరిశోధన మొదలైంది. ఉద్దేశం మంచిదే.

నా భయమల్లా ఒక్కటే. నా కన్ను మోసపోయిన దృశ్యం దగ్గరే ఏఐ కూడా మోసపోతే? ఇద్దరం చూస్తున్నది ఒకే కెమెరా, ఒకే కోణం. నేను తప్పుగా లాగి పట్టుకుంటే అది చూసేదీ తప్పుగా లాగిన బొమ్మే. అప్పుడది ఆకుపచ్చ వేస్తే నాలో ఉన్న ఆ కాస్త అనుమానం కూడా చచ్చిపోతుంది.

మీ ఎక్కం పుస్తకంలో ఏడెనిమిదులు ఎప్పుడూ 56. ఇది ఒక్కో కడుపుకి ఒక్కో జవాబు చెప్తుంది మాస్టారూ.

---

బగ్_వేటగాడు (హైదరాబాద్) · మంగళవారం, రాత్రి 8:20

డాక్టర్ని కాదు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నా. నా వైపు నుంచి రెండు మాటలు.

ఒకటి, అది ఏం చూసి నేర్చుకుంది? ఈ రంగంలో పరిశోధకులు బాగా వాడిన వీడియోల గుట్ట ఒకటుంది, పేరు కోలెక్80. 80 గాల్ బ్లాడర్ ఆపరేషన్లు, చేసింది 13 మంది సర్జన్లు, అన్నీ ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ ఆసుపత్రివి. తర్వాత మెరుగైనవి వచ్చాయి. ఎక్కడ కొయ్యొచ్చో, ఎక్కడ కూడదో చూపించే ఒక మోడల్‌కి 37 దేశాల్లోని 136 ఆసుపత్రుల వీడియోలు వాడారు. అది మేలే. కానీ మన దగ్గర రోగి ఎప్పుడొస్తాడు? కృష్ణలంక తమ్ముడు చెప్పినట్టు ఆరు నెలలు వాము నీళ్లు తాగి, తట్టుకోలేక వస్తాడు. లోపల అంతా అతుక్కుపోయి ఉంటుంది. తేలిక కేసులు చూసి నేర్చుకున్నది కష్టమైన కేసులో ఏం చేస్తుందో, ఆ కష్టమైన కేసుల మీద టెస్ట్ చేస్తేనే తెలుస్తుంది. మా ఆఫీసులో పేమెంట్ యాప్‌నే అలా టెస్ట్ చేయకుండా వదలం.

రెండోది పాత కథ. థెరాక్-25 అని క్యాన్సర్ రేడియేషన్ మిషన్. అంతకు ముందు మోడల్స్‌లో డోసు మితిమీరితే కరెంటు తెంచేసే విడి రక్షణ పరికరాలు ఉండేవి. ఇందులో సాఫ్ట్‌వేరే చూసుకుంటుందని వాటిని తీసేశారు. 1985 నుంచి 1987 మధ్య ఆరుగురికి భయంకరమైన డోసు పడింది, కొందరు చనిపోయారు. తెర మీద "మాల్‌ఫంక్షన్ 54" అని వచ్చేది. ఆపరేటర్‌కి దాని అర్థం తెలియదు. రోజూ ఏదో ఒక ఎర్రర్ వస్తూనే ఉంటుంది కాబట్టి "పి" నొక్కి ముందుకెళ్లేవాళ్లు. ఆ "పి" నొక్కిన వేలిని తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. తెర మీద పదే పదే వచ్చే హెచ్చరికని మనిషి కొన్నాళ్లకి చూడ్డం మానేస్తాడు. ఎర్ర రంగైనా అంతే.

---

న్యూజెర్సీ_నాయుడు (ఎడిసన్) · మంగళవారం, రాత్రి 11:48

నేను ఇక్కడొక ఆసుపత్రిలో పరికరాల నిర్వహణ చూస్తాను. రోబోలు పాడైతే ఫోన్ వచ్చేది మాకే. కాస్త ఎదురు వాదన పెడతాను, తిట్టుకోకండి.

ఎఫ్‌డీఏకి వచ్చిన ఫిర్యాదుల మీద 2016లో ఒక పరిశోధన వచ్చింది. 2000 నుంచి 2013 వరకు రోబో సర్జరీల మీద 10,624 రిపోర్టులు. అందులో 144 మరణాలు, 1,391 గాయాలు, 8,061 పరికర లోపాలు. ఇది వాట్సాప్‌లో "రోబో 144 మందిని చంపింది" అని తిరుగుతూ ఉంటుంది. అది తప్పు చదువు. ఆ కాలంలో లక్షల్లో ఆపరేషన్లు జరిగాయి. మరణం రిపోర్టులో ఉన్నంత మాత్రాన మిషన్ వల్లే అని తేలినట్టు కాదు. ఇంకోవైపు, జరిగినవన్నీ రిపోర్టు కావు కూడా. కాబట్టి ఆ అంకె పట్టుకుని భయపడొద్దు, ధైర్యం తెచ్చుకోనూ వద్దు.

బగ్ అన్న చెప్పిన డేటా సంగతి మాత్రం నూటికి నూరు పాళ్లు నిజం. ఏఐ దాకా ఎందుకు, వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ చూడండి. నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ పడిపోయినా పట్టుకోలేకపోవడం తెల్లవాళ్లతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఉందని 2020లో తేలింది. అన్ని దశాబ్దాలు వాడాక!

---

తెల్లకోటు_తిప్పలు (విశాఖ) · బుధవారం, తెల్లవారుజాము 3:05

సర్జరీ పీజీని. నైట్ డ్యూటీలో టీ తాగుతూ రాస్తున్నా, తప్పులుంటే క్షమించండి.

పేషెంటుకి ఇవాళ ఏమవుతుందని అందరూ అడుగుతున్నారు. నాలాంటివాళ్లకి పదేళ్ల తర్వాత ఏమవుతుందన్నది నా భయం. 2025లో పోలండ్ నుంచి ఒక అధ్యయనం వచ్చింది. పెద్ద పేగు ఎండోస్కోపీలో గడ్డల్ని ఏఐ బాక్స్ గీసి చూపిస్తుంది. ఒక్కొక్కరు రెండు వేలకి పైగా చేసిన 19 మంది డాక్టర్లు కొన్నాళ్లు దాన్ని వాడారు. తర్వాత ఏఐ లేకుండా చేసిన కేసుల్లో గడ్డలు పట్టుకునే రేటు 28.4 శాతం నుంచి 22.4కి పడిపోయింది. చెయ్యి తిరిగినవాళ్లకే అలా అయితే, ఇంకా చెయ్యే తిరగని మా సంగతేంటి?

ఇంకోటి, 2023లో రేడియాలజిస్టుల మీద చేసింది. రొమ్ము ఎక్స్‌రేల మీద ఏఐ చెప్పింది అంటూ కావాలని కొన్ని తప్పు జవాబులు ఇచ్చారు. బాగా అనుభవం ఉన్నవాళ్లు కూడా ఏఐ తప్పు చెప్పిన చోట సగం కూడా సరిగ్గా చెప్పలేకపోయారు, 45 శాతం. ఏఐ సరిగ్గా చెప్పిన చోట వాళ్లే 82. కొత్తవాళ్లయితే 80 నుంచి 20కి జారారు. ఆ 20 నేనే.

మా చీఫ్ ఒక పద్ధతి పెట్టారు. కత్తిరించే ముందు గొట్టం దగ్గర ఆగి, పక్కనున్న పీజీని అడుగుతారు: "ఇదేంటి? ఎందుకనుకుంటున్నావు?" నోటితో చెప్పాలి. "అలా కనిపిస్తోంది సార్" అంటే ఊరుకోరు. కొవ్వంతా తీసి, గాల్ బ్లాడర్ కింది భాగాన్ని లివర్ నుంచి విడదీసి, లోపలికి వెళ్లేవి రెండే రెండు, సన్న గొట్టం, రక్తనాళం అని ముందు నుంచీ వెనక నుంచీ చూపించాలి. 1995లో చెప్పిన పద్ధతి ఇది, ఇప్పటికీ ఇదే గీటురాయి. తెర మీద ముందే రంగు పడిపోతే ఆ ప్రశ్నకి నేను రంగు చూసి జవాబు చెప్తాను. చెప్పేస్తాను, అది నాకు తెలుసు.

---

గోదారి_గట్టు (రాజమండ్రి) · బుధవారం, ఉదయం 6:02

బాబూ, కాలిక్యులేటర్ వచ్చాక మా పిల్లలకి ఎక్కాలు పోయిన మాట నిజమే. ఈ ఒక్కటీ నీకు ఒప్పుకుంటున్నా. నిద్రపో ఇక.

---

బగ్_వేటగాడు (హైదరాబాద్) · బుధవారం, ఉదయం 9:30

తిప్పలు తమ్ముడూ, పనిలో పనిగా మొత్తం తనే చేసేసే రోబో సంగతి కూడా చెప్పు. న్యూస్‌లో వచ్చింది కదా.

---

తెల్లకోటు_తిప్పలు (విశాఖ) · బుధవారం, సాయంత్రం 5:40

జాన్స్ హాప్కిన్స్ వాళ్లది, 2025 జులై. వీడియోలు చూపించి నేర్పిన రోబో గాల్ బ్లాడర్ తీసే పనిలో ఒక భాగాన్ని, క్లిప్పులు పెట్టి కత్తిరించేంత వరకు 17 అంచెల్లో, తనంతట తానే చేసింది. ఎనిమిదికి ఎనిమిదీ సరిగ్గా చేసింది. అద్భుతమే. అయితే అవి చనిపోయిన పందుల నుంచి తీసిన అవయవాలు అన్నా. ఊపిరికి కదలవు, రక్తం కారదు, వాచిపోయి ఉండవు. మొన్న రాత్రి నేను చూసిన గాల్ బ్లాడర్ చీముతో నిండి, పట్టుకుంటే చిరిగిపోతోంది. ఆ రోబో దాన్ని చూడాలి.

---

ఓటీ_సిస్టర్ (సికింద్రాబాద్) · బుధవారం, రాత్రి 9:15

అందరూ తెర గురించే మాట్లాడుతున్నరు, టేబుల్ పక్కన నిలబడేటోళ్ల గురించి ఎవ్వరూ అడుగుతలేరు. పదకొండేళ్లుగా ఓటీలో ఉన్న. చెప్తా వినండి.

రోబో సర్జరీలో డాక్టర్ స్టెరైల్‌గా ఉండడు. చెప్పులిప్పుకుని కన్సోల్‌లో తల పెట్టి కూర్చుంటడు. పేషెంటు పక్కన ఉండేది అసిస్టెంటు, నేను. ఒకసారి నడుమ మిషన్ చెయ్యి బిగుసుకపోయింది. ఎర్ర లైటు, బీప్ బీప్. పరికరం మూతి టిష్యూని పట్టుకునే ఉంది, వదుల్తలేదు. రీస్టార్ట్ చేసినా పోలే. అప్పుడు డాక్టర్ లేచి, చేతులు కడుక్కుని, గౌను వేసుకుని, గ్లవ్స్ తొడుక్కుని రావాలె. ఆ నాలుగైదు నిమిషాలు పేషెంటు ఎవరి చేతిలో ఉన్నట్టు? అసిస్టెంటు చేతిలో.

మూతి విప్పనీకి ఒక చిన్న తాళం లాంటిది ఉంటది. దాన్ని పరికరం వెనక పెట్టి తిప్పితే మూతి తెరుచుకుంటది. ఆ రోజు ఆ తాళం ఏ డబ్బాలో ఉందో మా కొత్త సిస్టర్‌కి ఎరుకలేదు. నాకు ఎరుక. గందుకే ఏం కాలే. తర్వాత మా ఇన్‌చార్జి దాన్ని ఎర్ర టేపుతో ట్రాలీకే కట్టిచ్చింది. నెలకోసారి రోబోని గబగబా పక్కకి జరిపే డ్రిల్ పెట్టినం, గడియారం పెట్టుకుని.

కృష్ణలంక తమ్మీ, నువ్వు ఆసుపత్రిలో ఇది అడుగు: "మిషన్ ఆగిపోతే టేబుల్ పక్కన ఉండే అసిస్టెంటు ఎవరు, ఆయన సొంతంగా ఆపరేషన్ చేయగలడా?"

---

కత్తి_నూలు (కర్నూలు) · బుధవారం, రాత్రి 10:05

సిస్టర్‌కి దండం. నేను మర్చిపోయిన ప్రశ్న ఇది.

---

న్యూజెర్సీ_నాయుడు (ఎడిసన్) · బుధవారం, రాత్రి 11:30

ఆ తాళం సంగతి మాక్కూడా ఇక్కడ గొడవే. మూడు రోబోలు, రెండు తాళాలు. మూడోది ఏమైందో ఎవరికీ తెలియదు.

---

పాలసీ_పంతులు (నెల్లూరు) · గురువారం, ఉదయం 10:20

ఇన్సూరెన్స్ ఉంటే ఒక మాట. రోబోటిక్ సర్జరీతో కలిపి 12 ఆధునిక చికిత్సలకి కవరేజీ లేదనడానికి వీల్లేదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో మార్గదర్శకాలిచ్చింది. అయితే దానికి విడిగా పరిమితి పెట్టుకునే వీలు కంపెనీకి ఉంది. పాలసీ కాగితంలో ఆ వరస వెతికి, ముందే అప్రూవల్ తీసుకోండి. డిశ్చార్జి రోజు కౌంటర్ దగ్గర గొడవ పడటం అస్సలు బాగోదు.

---

వరంగల్_వకీలు (హనుమకొండ) · గురువారం, మధ్యాహ్నం 2:45

చట్టం వైపు నుంచి చెప్తాను. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. 2008లో ఇంకో తీర్పులో, ఏం చేయబోతున్నారో, దాంట్లో రిస్కు ఏమిటో, వేరే దారులు ఏమున్నాయో రోగికి చెప్పి తీసుకున్నదే సమ్మతి అని చెప్పింది. కాబట్టి రోబో వాడతారా, ఏఐ సాఫ్ట్‌వేర్ వాడతారా, మధ్యలో ఓపెన్ ఆపరేషన్‌కి మారే అవకాశం ఉందా, ఇవన్నీ సమ్మతి పత్రంలో రాయమని అడగండి. తెలుగులో రాసిచ్చింది అడగండి. అమ్మగారికి చదివి వినిపించాకే వేలిముద్రో సంతకమో.

ఇక ఏఐ తప్పు చూపించి డాక్టర్ కోస్తే బాధ్యత ఎవరిది? 2020 ఏప్రిల్ నుంచి మన దేశంలో వైద్య పరికరాలన్నీ, సాఫ్ట్‌వేర్‌తో సహా, ఔషధ చట్టం పరిధిలోకి వచ్చాయి. 2019 వినియోగదారుల చట్టంలో ఉత్పత్తి లోపానికి తయారీదారుని పట్టుకునే అధ్యాయం కూడా ఉంది. కాగితం మీద దారులున్నాయి. ఆచరణలో ఏమవుతుందో నా అనుభవంలో చెప్తా: కంపెనీ వకీలు లేచి "మా మిషన్ సలహా మాత్రమే ఇస్తుంది, నిర్ణయం డాక్టర్‌ది" అంటాడు. డాక్టర్ వకీలు లేచి "మిషన్ అలా చూపించింది" అంటాడు. రోగి నడుమ నిలబడతాడు. అందుకే ఆపరేషన్ వీడియో కాపీ అడిగి పెట్టుకోండి. రంగులతో ఉన్నదీ, రంగులు లేనిదీ రెండూ.

---

గోదారి_గట్టు (రాజమండ్రి) · గురువారం, సాయంత్రం 4:10

మా తమ్ముడి కేసులో వీడియో అడిగితే "రికార్డు కాలేదు" అన్నారు. అప్పట్లో మాకు అడగాలనే తోచలేదు, తోచేసరికి ఆలస్యమైంది.

---

కత్తి_నూలు (కర్నూలు) · గురువారం, రాత్రి 9:00

తమ్ముడూ, నేనైతే డాక్టర్ని ఇవి అడుగుతాను. ఇలాంటి వాచిన గాల్ బ్లాడర్లు మీరు ల్యాప్రోస్కోపీలో ఎన్ని చేశారు, రోబోతో ఎన్ని? కష్టమైతే ఎప్పుడు ఆగిపోతారు? గొట్టం స్పష్టంగా కనిపించకపోతే గాల్ బ్లాడర్‌ని కొంత వదిలేసి బయటపడటం, లేదంటే పొట్ట తెరిచి చేయడం, రెండూ ఓటమి కాదు. "నేనెప్పుడూ ఓపెన్‌కి మారలేదు" అని గొప్పగా చెప్పే సర్జన్ దగ్గరికి మా ఇంట్లోవాళ్లనైతే పంపను.

ఇంకోటి, ఐసీజీ అని ఒక రంగు మందు ఉంది. ఆపరేషన్‌కి ముందు నరానికి ఇస్తే, దానికి తగ్గ కెమెరాలో పైత్య నాళం ఆకుపచ్చగా మెరుస్తుంది. ఇది అంచనా కాదు, అక్కడ నిజంగా పారుతున్న పైత్యం వెలుగు. మామూలు ల్యాప్రోస్కోపీలో కూడా వాడొచ్చు. వాపు మరీ ఎక్కువైతే దీనికీ పరిమితులున్నాయి. వాళ్ల దగ్గర ఉందేమో కనుక్కోండి. మీ కౌంటర్ అమ్మాయి వీడియోలో ఆకుపచ్చ ఇదేనేమో కూడా అడగండి, రెండూ కలిపి అమ్మేవాళ్లని చూశాను.

---

కృష్ణలంక_కుర్రాడు (విజయవాడ) · ఆదివారం, రాత్రి 8:30

అందరికీ ఒకేసారి జవాబు. శుక్రవారం డాక్టర్ని కలిశాను. మీ ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకెళ్లాను. మొదట ముఖం చిట్లించారు, "ఇంటర్నెట్ చదివొచ్చారా" అన్నారు. ఓటీ సిస్టర్ ప్రశ్న దగ్గరకొచ్చేసరికి కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు.

ల్యాప్రోస్కోపీలో రెండు వేలకి పైగా చేశారట, రోబో మీద 38. "మీ అమ్మగారికి గోడ మందంగా ఉంది, నా చెయ్యి బాగా అలవాటైన పద్ధతిలోనే చేస్తాను, ప్యాకేజీ సంగతి కౌంటర్ వాళ్లు నన్నడిగి చెప్పలేదు" అన్నారు. ఏఐ రంగుల గురించి అడిగితే, ట్రయల్ కోసం పెట్టారట. కత్తిరించే ముందు దాన్ని ఆపేసి చూస్తానని, తర్వాత మళ్లీ వేసి పోల్చుకుంటానని చెప్పారు. ఆ మాట నాకు నచ్చింది. ఐసీజీ ఉందన్నారు. సమ్మతి పత్రం మాత్రం ఇంగ్లిష్‌లోనే ఉంది, తెలుగులో ఇవ్వడానికి అరగంట పట్టింది. వకీలు గారూ, పట్టుబట్టాను.

అమ్మ అంతా విని డాక్టర్ చేతుల వంక చూసి, "ఈయన హస్తవాసి మంచిదిలాగే ఉందిరా" అంది. డాక్టర్ నవ్వారు. నాకు మాత్రం హస్తవాసి కన్నా ఆ రెండు వేలే ధైర్యం ఇచ్చింది, ఇంట్లో ఆ మాట అనలేను.

శనివారం ఆపరేషన్ అయింది. గంటా నలభై నిమిషాలు పట్టింది. బాగా అతుక్కుపోయి ఉందట. ఏఐ ఒక చోట ఆకుపచ్చ వేసిందట, ఐసీజీలో చూస్తే ఆ పక్కనే పెద్ద నాళం మెరుస్తోందట. అక్కడ ఆగి, ఇంకా పైకి జరిగి చేశానని చెప్పారు. వీడియో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు. ఇప్పుడు అమ్మ ఇడ్లీ తింటోంది. రాళ్లు చిన్న సీసాలో వేసిచ్చారు, వచ్చినవాళ్లందరికీ తీసి లెక్కపెట్టి చూపిస్తోంది. పదిహేడు.

---

బగ్_వేటగాడు (హైదరాబాద్) · ఆదివారం, రాత్రి 8:52

హమ్మయ్య! ఆ ఆకుపచ్చ తప్పు పడిన చోటు ఎక్కడైనా రిపోర్టు చేస్తారా, లేక ఆ డాక్టర్ నోటిలోనే ఉండిపోతుందా? ఒకసారి అడుగు తమ్ముడూ.

---

కృష్ణలంక_కుర్రాడు (విజయవాడ) · ఆదివారం, రాత్రి 9:04

అడిగాను అన్నా. "కంపెనీ వాళ్లొచ్చినప్పుడు చెప్తాను" అన్నారు.

---

కత్తి_నూలు (కర్నూలు) · ఆదివారం, రాత్రి 9:40

చాలా సంతోషం. రాళ్లు ఇంటికిచ్చారు సరే, గాల్ బ్లాడర్‌ని బయాప్సీకి పంపారా? గోడ మందంగా ఉన్న కేసు కదా. కుట్లు విప్పించుకోవడానికి వెళ్లిన రోజు ఆ రిపోర్టు చేతికి తీసుకునే ఇంటికి రండి.

---

కృష్ణలంక_కుర్రాడు (విజయవాడ) · ఆదివారం, రాత్రి 9:47

పంపారు డాక్టర్ గారూ. వచ్చే శనివారం ఇస్తామన్నారు. రాగానే ఇక్కడ పెడతాను.